ఊఁ కొట్టిందెవరు

మార్చి 3, సోమవారం

రిపోర్టు ఇచ్చేశాను. మూడు పేజీలకు మించొద్దన్నారు, రెండున్నరలో ముగించాను.

పోయిన గురువారం ట్రయల్ వార్డులో మా డ్రిప్ యంత్రం ఒకటి అలారం కొట్టలేదు. గొట్టంలో గాలి బుడగ వచ్చింది, సెన్సర్ పట్టుకుంది, యంత్రం మాత్రం ఏమీ ఎరగనట్టు మందు ఎక్కిస్తూనే పోయింది. నర్సు అటుగా వెళ్తూ చూసి క్లిప్పు నొక్కేసింది కాబట్టి సరిపోయింది. మంచం మీదున్న మనిషికి ఈ సంగతే తెలియదట. నర్సు చూడకపోయి ఉంటే అన్న ముక్క నేను రిపోర్టులో రాయలేదు, ఎవరూ అడగనూ లేదు.

కారణం పట్టుకోవడానికి నాకు ఒక్క పూట చాలింది. తప్పులు పట్టే నా డీబగ్గర్ ఉన్నదే అందుకు. ట్రయల్ యంత్రాలన్నిటిలోనూ అది, యంత్రాన్ని నడిపించే మూల ప్రోగ్రాం కెర్నల్ పక్కనే కూర్చుంటుంది. సెకనుకోసారి కెర్నల్‌ని రెప్పపాటు ఆపి, లోపల ఏం జరుగుతోందో రాసుకుని, మళ్ళీ వదులుతుంది. ఏడేళ్ళ కిందట రాశాను. మొత్తం నేనే, ఇంకొకరి చెయ్యి పడలేదు. ఇవన్నీ నాకు తెలిసినవే, అయినా గెలిచిన రోజున మళ్ళీ చెప్పుకోవడంలో ఒక సరదా ఉంది.

అది రాసిపెట్టిన ట్రేస్ చదివితే అంతా తేటతెల్లం. బుడగ సెన్సర్ ఇంటరప్ట్ పంపింది. అంటే కెర్నల్ భుజం తట్టి ఇటు చూడమంది. దానికి ‘చూశాను’ అని జవాబు కూడా వెళ్ళింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఆ సెన్సర్‌కి జవాబు చెప్పే కోడ్ మేస్త్రిది. కాబట్టి చూశానని చెప్పి ఊరుకున్నది మేస్త్రి కోడే. అదే రాశాను.

మేస్త్రి అంటే మా డ్రైవర్లు రాసే మనిషి, సెన్సర్లకీ కెర్నల్‌కీ మాట కుదిర్చే కోడ్ అంతా అతనిదే. ఇరవై ఏళ్ళు రేడియోలు బాగుచేసి, నలభై దాటాక ఈ పనిలోకి వచ్చాడు. ఇప్పటికీ బల్ల మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టుకుంటాడు, ఆ పేరు అందుకే వచ్చింది. మంచి పనివాడే. కానీ ట్రేస్‌కి మొహమాటాలుండవు.

మార్చి 4, మంగళవారం

మేనేజరు అందరి ముందూ మెచ్చుకున్నాడు. “మీ డీబగ్గర్ లేకపోతే మనం నెల రోజులు తడుముకుంటూ ఉండేవాళ్ళం” అన్నాడు. మేస్త్రి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం నుంచి ఇంట్లోనే పని. అత్తయ్య గంట పద్నాలుగు సార్లు మోగింది. తుంటి ఎముక విరిగి మూడు నెలలుగా మా కింది గదిలోనే ఉంటున్నారు. మావారు మంచం పక్కన ఒక మీట బిగించి, గంట తెచ్చి నా బల్ల దగ్గర పెట్టారు. ఎంత మంచి ఆలోచనో. నేను తల ఎత్తకుండానే “ఊఁ, వస్తున్నా” అంటాను. సగం సార్లు ఎందుకు పిలిచారో ఆవిడే మర్చిపోతారు.

మార్చి 5, బుధవారం

మేస్త్రి ఇవాళ క్యాంటీన్‌లో మా బల్ల దగ్గరికి రాలేదు.

మార్చి 6, గురువారం

వచ్చాడు. చేతిలో చల్లారిపోయిన కాఫీ.

“మేడం, చిన్న మాట. మీ డీబగ్గర్ తీసేసి ఒకసారి నడిపి చూస్తారా? ఊరికే, నా అనుమానం తీరడానికి.”

“అది తీసేస్తే కనపడేదేముంది మేస్త్రీ? కళ్ళకి గంతలు కట్టుకుని వెతకమన్నట్టుంది.”

పక్కవాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు. “నిజమే లెండి” అని వెళ్ళిపోయాడు.

ఒళ్ళు మండింది. చూపించేస్తే పోలా అనిపించి ల్యాబ్‌లోకి వెళ్ళి కూర్చున్నాను. డీబగ్గర్ పెట్టి నాలుగు వందల బుడగలు పంపాను. అంటే బుడగ వచ్చినట్టు సెన్సర్‌ని నమ్మించడమే. మూడింటికి అలారం మోగలేదు. బాగుంది, తప్పు ఉంది. డీబగ్గర్ తీసేసి ఇంకో నాలుగు వందలు పంపాను.

అన్నీ మోగాయి.

నాలుగు వందలు తక్కువ. రేపు ఇంకా పంపాలి.

మార్చి 7, శుక్రవారం

తీసేసి రెండు వేలు. ఒక్కటీ తప్పలేదు.

కానీ చూడకుండా నడిపింది రుజువు ఎలా అవుతుంది? ట్రేస్ లేదుగా. మేస్త్రి కోడ్‌లో తప్పు అరుదుగా బయటపడే రకం కావచ్చు. అలాంటివి నేను బోలెడు చూశాను.

మేస్త్రికి చెప్పలేదు. చెప్పడానికి ఏముంది?

మార్చి 8, శనివారం

పొద్దున మావారు అత్తయ్య మాత్రలు వారాల డబ్బాలో సర్దుతూ, ఈ మధ్య ముభావంగా ఉన్నానని గొడవేమిటో చెప్పమన్నారు. సోషల్ టీచరుకి కెర్నల్ గురించి చెప్పడమంటే పదో తరగతికి పాఠం చెప్పినట్టే ఉంటుంది. అయినా చెప్పాను. ఆపడం, రాసుకోవడం, వదలడం.

“నువ్వు ఆపిన ఆ రెప్పపాటులో ఎవరైనా తలుపు కొడితే?”

“బయట నిలబడతారు. ఆపినంతసేపూ ఇంటరప్ట్‌లు లోపలికి రానివ్వం.”

“తలుపు తీశాక?”

“అందరూ ఒక్కసారే మీద పడి తొక్కిసలాట కాకుండా...” అని ఆగిపోయాను.

“కాకుండా?”

“ఏదో ఏర్పాటు ఉంటుందిలెండి. ఏడేళ్ళ కిందటి సంగతి, ఇప్పుడెవరికి గుర్తు?”

ఆయన బుధవారం గడిలో వెయ్యాల్సిన మాత్ర గురువారంలో వేసి, మళ్ళీ తీసి మార్చారు.

నిజంగానే గుర్తులేదు. ఫైలు తెరిచి చూస్తే తప్ప ఆ భాగం ఎవరు రాశారో కూడా చెప్పలేను. అప్పట్లో ఇద్దరం ముగ్గురం ఉండేవాళ్ళం.

మార్చి 9, ఆదివారం

ఆ ఫైలు తెరవలేదు. ఆదివారాలు ఆఫీసు పని ముట్టకూడదని నాకో నియమం ఉంది. ఇవాళే పెట్టుకున్నాను.

వంటింటి అలమరలన్నీ దులిపాను. మూతల్లేని డబ్బాలు ఆరు, డబ్బాల్లేని మూతలు తొమ్మిది.

మార్చి 10, సోమవారం

మేనేజరు తలుపు వేసి మరీ చెప్పాడు. శుక్రవారం పదింటికి కమిటీ. మేస్త్రి పేరు భద్రతా రిజిస్టరులోంచి కొట్టేస్తారు. రోగుల దగ్గరికి వెళ్ళే యంత్రాల కోడ్ మీద సంతకం చెయ్యాలంటే ఆ రిజిస్టరులో పేరుండాలి. తప్పు చేసి పేరు పోగొట్టుకున్నవాణ్ణి ఈ పనికి ఇంకెవరూ తీసుకోరు. అతనికి యాభై ఆరేళ్ళు.

“డ్రైవర్ దిద్ది ఇవ్వమన్నాను. వచ్చే సోమవారం నలభై యంత్రాలు వార్డులకి వెళ్ళిపోవాలి. మీ డీబగ్గర్ అలాగే ఉంచేద్దాం, అదే మనకి కాపలా” అన్నాడు.

సరే అన్నాను.

ఎందుకు సరే అన్నానో తెలియదు. వేరే మీటింగుకి ఆలస్యమవుతోంది, అందుకే.

మార్చి 11, మంగళవారం

మేస్త్రి ఉత్తరం ఇచ్చాడు. నాకూ ఒక కాపీ వచ్చింది. చేత్తో రాసి, సంతకం చేసి, స్కాన్ తీయించాడు. అందులో ఉన్నది ఇంతే:

“ట్రేస్ అబద్ధం చెప్పదు. నా కోడ్ మొత్తం పదిసార్లు చదివాను. ఒకచోట రెండు లైన్లు ముందువెనకలుగా ఉన్నాయి. అదే కారణం అయి ఉండాలి. దిద్దాను. తప్పు నాదే.”

ఆ రెండు లైన్లూ నేనూ చూశాను. ఎటు రాసినా ఒకటే. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకైనా తెలుస్తుంది, మేస్త్రికి తెలియకపోవడమేమిటి? తెలిసీ దాన్నే తప్పనుకున్నాడు. తన చేతుల్ని కాకుండా నా ట్రేస్‌ని నమ్మి, లేని తప్పు వెతికి తెచ్చుకున్నాడు.

ఆ ఫైలు తెరవలేదు.

మార్చి 12, బుధవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఇవాళ ఇంటి నుంచే పని. మావారు బడికి వెళ్ళారు. డ్రిప్ యంత్రం బోర్డు భోజనాల బల్ల మీద పెట్టుకుని మళ్ళీ బుడగలు పంపుతున్నాను, అదే పని, అదే లెక్క. అత్తయ్య పదకొండింటికి స్నానానికి వెళ్ళారు. అక్కడ ప్లాస్టిక్ స్టూలు వేశాం. కూర్చోవడం ఆవిడే కూర్చుంటారు, లేవడానికి మాత్రం నా చెయ్యి కావాలి. గంట మీట మంచం దగ్గరుంది, బాత్రూములో లేదు.

తల ఎత్తేసరికి పన్నెండూ పది. ఇల్లంతా నిశ్శబ్దం. గంట మోగి చాలాసేపైందని, అత్తయ్య ఇంకా బాత్రూములోనే ఉన్నారని అప్పుడు గుర్తొచ్చింది. పరిగెత్తాను.

తడి తువ్వాలు చుట్టుకుని స్టూలు మీదే కూర్చున్నారు. పెదాలు నీలంగా మారాయి. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్న మనిషిలా తలుపు వైపు చూస్తున్నారు.

“పిలవొచ్చు కదా అత్తయ్యా?” అన్నాను. కోపంగానే అన్నాను, భయం వేస్తే నాకు ముందు కోపం వస్తుంది.

“పిలిచానమ్మా.”

“మరి ఇంకోసారి పిలవాలి కదా?”

“ఊఁ అన్నావుగా. విన్నావనుకున్నాను. విన్నదాన్ని మళ్ళీ పిలిస్తే విసుక్కుంటావని ఊరుకున్నా.”

అన్నానా? అనే ఉంటాను. అన్నట్టు నాకు గుర్తులేదు. ఊఁ అన్నది నా నోరు, నేను ఆ పూటంతా బోర్డు దగ్గరున్నాను.

ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, రెండు దుప్పట్లు కప్పి, పాలు వేడిచేసి ఇచ్చాను. ఆవిడ చెయ్యి నా చేతిలో వెచ్చబడేదాకా అక్కడే కూర్చున్నాను. నిద్రపోయారు. చాలా సిగ్గేసింది. ఇన్నాళ్ళూ ఆవిడ మర్చిపోయారనుకున్నవన్నీ ఆవిడ మర్చిపోయినవి కావని అక్కడే తెలిసింది.

రెండింటికి ఫైలు తెరిచాను.

ఉంది. నూట పన్నెండో లైను. డీబగ్గర్ కెర్నల్‌ని వదిలే ముందు, ఆగి ఉన్నప్పుడు వచ్చిన ఇంటరప్ట్‌లన్నిటికీ తనే వరసగా ‘చూశాను, చూశాను’ అని చెప్పి పంపించేస్తుంది. ఎవరి కోసం వచ్చాయో వాళ్ళకి చెప్పదు. ట్రేసులో కనపడిన ‘చూశాను’ మేస్త్రిది కాదు. మేస్త్రి కోడ్ దాకా ఆ కబురు రానేలేదు.

ఏడేళ్ళూ ఎందుకు బయటపడలేదో కూడా చూశాను. పాత సెన్సర్ పట్టు విడవని రకం. ఊఁ కొట్టి పంపినా, బుడగ ఉన్నంతసేపూ మళ్ళీ పిలిచేది. కొత్త బోర్డులోది ఒక్కసారే పిలుస్తుంది. సెన్సర్ మారుస్తున్నామని అయిదు నెలల కిందట అందరికీ కాగితం తిప్పారు. దాన్నీ వెతికి తీశాను. నా పేరు పక్కన ‘చూశాను’ అని రాసి, పొట్టి సంతకం. నా చేతిరాతే.

నూట పన్నెండో లైను పైన, కోడ్ చదివేవాళ్ళ కోసం నేను రాసిన వ్యాఖ్య ఒకటి కూడా ఉంది. అది ఇక్కడ రాయను.

మార్చి 13, గురువారం

ఆ లైను తీసేసి, డీబగ్గర్ ఉంచి నడిపాను. పదిహేను వందలు. అన్నీ మోగాయి.

దారి ఒకటుంది. ‘చిన్న శుభ్రత’ అని పేరు పెట్టి ఈ మార్పు ఇవాళే లోపల కలిపేస్తే సోమవారం వెళ్ళే యంత్రాలు క్షేమం. ఎవరికీ ఏమీ కాదు. మేస్త్రి ఎలాగూ ఒప్పుకున్నాడు. ఆయన దిద్దాక తప్పు పోయిందనుకుంటారు. ఎవరూ అడగరు, అడిగినా చెప్పడానికి నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

మార్పు రాశాను. పేరు కూడా ‘చిన్న శుభ్రత’ అనే పెట్టాను. పంపే మీట మీద వేలు పెట్టి కూర్చున్నాను. ఎంతసేపో చెప్పను.

ఎవరికీ ఏమీ కాదు అని పైన రాశాను. మేస్త్రిని ఆ ఎవరిలో కలపలేదు.

పంపలేదు. పంపనని కూడా ఇంకా అనుకోలేదు.

మార్చి 14, శుక్రవారం, తొమ్మిదింపావు

కారు దిగలేదు. పది నిమిషాలుగా ఆఫీసు ముందే ఉన్నాను. మేస్త్రి గేటు దగ్గర స్కూటర్ స్టాండు వేసి, హెల్మెట్ తీసి, జుట్టు సరిచేసుకున్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు.

అదే రోజు, మధ్యాహ్నం

బల్ల చుట్టూ అయిదుగురు. మేస్త్రి చివరి కుర్చీలో, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని. అత్తయ్య స్టూలు మీద కూర్చున్నట్టే. అది చూడకపోతే ఇంకాసేపు నీళ్ళు నమిలేదాన్నేమో.

నమిలాను కూడా. “డీబగ్గర్‌లో ఒక సమస్య కనపడింది” అని మొదలుపెట్టాను. దానంతటదే వచ్చి కూర్చున్నట్టు.

“ఏ సమస్య? ఉత్తరం వచ్చేసింది కదా” అన్నాడు మేనేజరు.

“ఆ ఉత్తరంలో ఉన్నది నిజం కాదు. ఆ రెండు లైన్లు ఎటు రాసినా ఒకటే.”

“మరి ట్రేసులో చూశాను అని చెప్పిందెవరు?”

“నేను. అంటే నా కోడ్. ఏడేళ్ళ కిందట నేను రాసిన లైను. సెన్సర్ మారిందన్న కాగితం మీద సంతకం పెట్టిందీ నేనే, చదవకుండా. డీబగ్గర్ తీసేస్తే తప్పు రావట్లేదని పోయిన శుక్రవారం నుంచీ నాకు తెలుసు. చెప్పలేదు.”

ఈ చివరి ముక్క ఎవరూ అడగలేదు. చెప్పి కూర్చున్నాను. మేనేజరు చాలాసేపు కాగితాలు తిరగేశాడు. కోపం ఎవరి మీద చూపాలో తెలియక, ముందు యంత్రాలు ఆపమని ఫోన్ చేశాడు.

బయట వరండాలో మేస్త్రిగారు నా కోసం నిలబడ్డారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది.

“నా వల్ల ఒక మనిషి పోవాల్సిందని మా ఆవిడకి చెప్పుకున్నాను మేడం” అన్నారు. “చెప్పి ఏడ్చాను.”

క్షమించమని అడిగాను. ఆయన తల ఊపారు. సరేననో కాదనో అర్థం కాలేదు. హెల్మెట్ తీసుకుని వెళ్ళిపోయారు.

మార్చి 17, సోమవారం

యంత్రాలు వెళ్ళలేదు. రిజిస్టరులో ఆయన పేరుంది. నాది లేదు. ఏడాది తర్వాత చూస్తారట.

మార్చి 20, గురువారం

బాత్రూములోనూ మీట బిగించాం. అత్తయ్య ఇవాళ తొమ్మిదిసార్లు నొక్కారు. తొమ్మిదిసార్లూ లేచి వెళ్ళాను. అందులో రెండు, వస్తానో రానో చూద్దామని నొక్కారట. మొహం మీదే చెప్పారు.

మేస్త్రిగారు మాట్లాడటం లేదు.

మార్చి 26, బుధవారం

డీబగ్గర్ దిద్దడం అయింది. ఇప్పుడది ఆపినప్పుడు వచ్చినవాటిని ముట్టుకోదు. అలాగే నిలబెట్టి ఉంచి, వదలగానే ఎవరివి వాళ్ళకి చేరనిస్తుంది. కొత్తగా రాసింది పదకొండు లైన్లు. నా సంతకం చెల్లదు కాబట్టి ఇంకొకరు చదివి పెట్టాలి. కెర్నల్ పక్కన కూర్చునే కోడ్‌కి సంతకం చెయ్యగలిగిన పేరు రిజిస్టరులో ఇంకొక్కటే ఉంది.

భోజనాలయ్యాక మేస్త్రిగారు ల్యాబ్‌కి వచ్చారు. కుర్చీ లాక్కుని, కళ్ళజోడు తుడుచుకుని, మొత్తం ఫైలు మొదటినుంచి చదివారు. మారిన పదకొండు లైన్లే కాదు, అన్నీ. లైను లైనుకీ తెరమీద వేలు పెట్టి చదువుతుంటే, పక్కన పరీక్షకి కూర్చున్న పిల్లలా నేను. గంటన్నర పట్టింది. ఒకటి రెండు చోట్ల అడిగారు, చెప్పాను. నూట పన్నెండు దగ్గర వేలు ఆగింది. అక్కడ లైను లేదు, నేను తీసేశాను. దాని మీది వ్యాఖ్య మాత్రం మిగిలిపోయింది. పైకి చదివారు.

“ఆగి ఉన్నప్పుడు వచ్చేవాటిలో ముఖ్యమైనవేవీ ఉండవు.”

నా మాటలు ఆయన గొంతులో విన్నాను. తల దించుకున్నాను.

“కొట్టెయ్యమంటారా?” అన్నారు.

“వద్దు, ఉండనివ్వండి. కింద నా పేరు వెయ్యండి. ఏం జరిగిందో రాయండి, తర్వాత చదివేవాళ్ళకి తెలియాలి.”

నా పేరు టైపు చేశారు. అది జరిగిన గురువారం తేదీ వేశారు. అలారం మోగలేదని రాశారు. అక్కడ ఆగి అడిగారు. “ఆ మంచం మీదున్న మనిషి పేరేమిటి మేడం?”

నాకు తెలియదు. రెండున్నర పేజీల రిపోర్టులో ఆ పేరు లేదు. ఆయన ‘ఆరో నంబరు మంచం’ అని రాశారు.

సంతకం ఇంకా పెట్టలేదు. నాలుగు వేల బుడగలు తప్పకుండా మోగితే పెడతానన్నారు. నడుపుతున్నాం. మూడు సెకన్లకోటి. అవతల బల్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ కాగితం మీద గీత గీస్తున్నారు, యంత్రం లెక్కపెడుతున్నా సరే. నేనిది ఇటువైపు కూర్చుని రాస్తున్నాను. ఆరు వందలు దాటాయి. చెవులు గింగురుమంటున్నాయి.

“శబ్దం కొంచెం తగ్గించనా మేస్త్రిగారూ?” అన్నాను ఇందాక.

ఆయన గీత గీసి, తర్వాతది మోగేదాకా ఆగి, అప్పుడు తల ఎత్తారు. మార్చి పద్నాలుగు తర్వాత పని కాక నాతో అన్న మొదటి మాట అదే.

“ఉండనివ్వండి మేడం. వినపడనీండి.”